గడ్డిటోపీ పంతులమ్మలు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చెల్లెలు అడిగింది: పద్యాలతో ఆడవాళ్ళకు చదువు చెప్పిన కవయిత్రులు మన దేశం బయట ఎవరైనా ఉన్నారా అని. నైజీరియాలోని సొకోటోలో నానా అస్మావు అని ఒకావిడ ఉండేది, పంతులమ్మలకు గడ్డిటోపీలు పెట్టించి పల్లెలకు పంపింది అని నాలుగు వాక్యాల్లో తేల్చేశాను. చోటు లేక అట్లా చేశాను కానీ, అది నాకే మీదికి వచ్చింది. ఆ నాలుగు వాక్యాల మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మూడేళ్ళలో దేని మీదా రాలేదు. కొన్ని మెచ్చుకుంటూ, కొన్ని తిడుతూ, ఒకటి మాత్రం టోపీ కోసం. ఈ నెల చోటంతా ఆమెకే ఇస్తున్నాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో నానా అంటే అమ్మవాళ్ళ నాన్న. మీరేమో ఆడమనిషి పేరు ముందు నానా అని రాశారు. అచ్చుతప్పా? అసలు ఎవరావిడ?
— డిగ్రీ విద్యార్థిని, మదనపల్లె

జవాబు: అచ్చుతప్పు కాదమ్మాయ్. మీ ఇంటి ఉర్దూ నానా వేరు, ఈ నానా వేరు. మనం పేరు చివర అమ్మ అని తగిలించినట్టు, అక్కడి హౌసా జాతివాళ్ళు మర్యాదకొద్దీ ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మాట ఇది. అసలు పేరు అస్మావు. ఆ పేరుకూ ఒక ముచ్చట ఉంది. ఆమె కవల పిల్ల. తోడబుట్టిన మగబిడ్డకు హసన్ అని పెట్టారు. రాముడి పక్కన లక్ష్మణుడు వచ్చినట్టు, హసన్‌కు జంటగా పుట్టింది ఆడపిల్లయితే హుసైనా అని పెట్టడం అక్కడి ఆనవాయితీ. తండ్రి దాన్ని పక్కనపెట్టి, ప్రవక్త గుహలో తలదాచుకున్నప్పుడు తిండి మోసుకెళ్ళి ఇచ్చిన అస్మా పేరు పెట్టాడు.

1793లో దెగెల్ అనే ఊళ్ళో పుట్టింది. ఇప్పటి నైజీరియాకు వాయవ్య మూల అది. సహారాకు దక్షిణాన ఉండే మెట్టనేల, పండేది సజ్జ, జొన్న. వాన పడేది ఏడాదికి మూడు నాలుగు నెలలు. ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం ఎట్లాంటిదో పుంగనూరు, పలమనేరు వైపు రైతుకు చెప్పనక్కర్లేదు.

తండ్రి ఉస్మాన్ దాన్ ఫోదియో. దాన్ అంటే కొడుకు, ఫోదియో అంటే శాస్త్రం చదివినవాడు. అంటే ఇంటిపేరులోనే చదువుంది. ఫులానీ పండితుల వంశం, ఖాదిరీ సూఫీ మార్గం. ఆ ఇంట్లో చదువు మగవాళ్ళ సొత్తు కాదు. ఉస్మాన్‌కు మొదట చదువు చెప్పినవాళ్ళలో తల్లి హవ్వా, అవ్వ రుకయ్యా ఉన్నారు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. అస్మావు చదువుకుంది అని మనం ఆశ్చర్యపోతాం కానీ, ఆ ఇంట్లో చదువుకోకపోతేనే వింత.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు, 1804లో, ఆ ప్రాంతాన్ని ఏలే గోబీర్ రాజుతో తగవు ముదిరి కుటుంబమంతా దెగెల్ విడిచి వెళ్ళిపోయింది. తర్వాత నాలుగేళ్ళు యుద్ధం. అదే ఏడాది చివర సున్‌తువా దగ్గర జరిగిన పోరులో ఉస్మాన్ పక్షాన రెండు వేలమంది చనిపోయారనీ, వాళ్ళలో రెండు వందలమంది ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాళ్ళనీ చెబుతారు. చదువు కాగితం మీదకంటే మనుషుల్లోనే ఎక్కువగా ఉండే చోట అట్లాంటి పోరు జరిగితే ఏం పోతుందో ఆ పిల్ల పదకొండేళ్ళకే చూసింది. తర్వాత ఆమె చేసిన పనికి వేరు అక్కడే ఉందని నా అనుమానం. ఇది నా అనుమానమే సుమా, ఏ చరిత్రకారుడి మీదా మోపొద్దు.

1808లో గోబీర్ రాజధాని అల్కలావా పడిపోయింది. ఆ మరుసటి ఏడాది సొకోటో నగరం కట్టారు. 1817లో తండ్రి పోయాక సవతి అన్న ముహమ్మద్ బెల్లో ఖలీఫా అయ్యాడు. భర్త గిదాదో ఆయనకు ప్రాణస్నేహితుడు, వజీరు కూడా. రాజ్యం స్థాపించినవాడి కూతురు, ఏలేవాడి చెల్లెలు, మంత్రి భార్య. పెద్ద సంసారం, కొడుకులు, వచ్చిపోయేవాళ్ళు, వంటశాలలు. వీటన్నిటి మధ్య నలభై ఏళ్ళకు పైగా రాస్తూనే ఉంది. అరబ్బీ, తమ ఫులానీల భాష ఫుల్‌ఫుల్దే, హౌసా భాషల్లో రాసింది. ఎడారి తువారెగ్‌ల భాష తమాషెక్ కూడా వచ్చు. అరవైకి పైగా రచనలు మిగిలాయి. 1864లో సొకోటోలోనే కన్నుమూసింది.

ప్రశ్న: తమరు ఆమెను కవి అన్నారు. పాఠాన్ని ప్రాసలో పెడితే కవిత్వమవుతుందా? అట్లయితే ఎక్కాల పుస్తకం రాసినవాడు మహాకవే కదా!
— విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పుత్తూరు

జవాబు: అయ్యవారూ, వేళాకోళం బాగుంది. మీకు జవాబు చెప్పాలంటే నా సొంత కథ ఒకటి చెప్పుకోవాలి. ఓపిక పట్టండి.

1990ల మొదట్లో జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం నడిచింది గుర్తుందా? అప్పుడు నేను తిరుపతిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్ని. పాకాల దగ్గర ఒక పల్లెకు నన్ను వేశారు. సాయంత్రం బస్సు దిగి మైలున్నర నడిచి వెళితే, ఆడవాళ్ళు సెనక్కాయ చేలనుంచి వచ్చి, వంటలు చేసి, పిల్లలకు పెట్టి, ఎనిమిదిన్నరకు గుడి అరుగు మీద చేరేవాళ్ళు. లాంతరు ఒకటే. పలకలు వచ్చాయి, బలపాలు మాత్రం నెల తర్వాత వచ్చాయి. ఆ నెలంతా బొగ్గుతో గోడ మీద రాయించాను.

వాళ్ళలో ఒక అవ్వ ఉండేది. అ ఆ లు ఎన్నిసార్లు దిద్దించినా మరునాటికి చెరిగిపోయేవి. చేతిలో వణుకు, కంట్లో పొర. కానీ ప్రభవ, విభవ, శుక్ల అని మొదలుపెడితే అరవై సంవత్సరాల పేర్లూ ఊపిరి తిప్పకుండా చెప్పేది. ఏ ఏడు కరువొచ్చిందో, ఏ ఏడు కోడలు కాపురానికొచ్చిందో ఆ పేర్ల మీదే లెక్క. ఒకరోజు విసుగెత్తి, "అవ్వా, అన్ని పేర్లు ఎట్లా గుర్తుంటాయి, ఈ పదహారు అక్షరాలు ఎందుకు నిలవవు?" అన్నాను. ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "కాయితంలో ఉండేది కాయితంలోనే ఉంటాది మే. నోట్లో ఉండేది నా ఎంట వొస్తాది."

ఆ వానాకాలం పల్లెలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. గ్లాసు నీళ్ళకు చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర కలిపి తాపమని చెప్పాలి. కరపత్రం ఇస్తే చదివేవాళ్ళెవరు? నేనే ఒక పాట కట్టాను. "గలాసు నీళ్ళకు చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర చాలమ్మా, గుక్కగుక్కగా తాపితివంటే గువ్వకు పానం లేచమ్మా." ఛందస్సు అడక్కండి. కోలాటం నడకలో సరిపోయింది, అంతే. మూడు నెలల తర్వాత నాలుగు మైళ్ళ అవతల ఇంకో ఊరికి వెళితే అక్కడి పిల్లలు అదే పాట పాడుతున్నారు. చివరి పాదం మార్చేశారు కూడా, నాదానికంటే వాళ్ళదే బాగుంది. ఎట్లా వచ్చిందంటే, అవ్వ కూతురింటికి వచ్చి వారం ఉండి పోయిందట. ఆ అవ్వకు చివరిదాకా సంతకం రాలేదు. మా లెక్కల పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా నేనే 'నిరక్షరాస్య' అని రాసి సంతకం పెట్టాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నా ఉప్పు చక్కెర పాట కవిత్వం కాదు, ఒప్పుకుంటాను. అస్మావు రాసినవాటిలో కూడా అట్లాంటివి ఉన్నాయి. ఖురాన్‌లోని 114 అధ్యాయాల పేర్లూ వరసగా కూర్చిన పద్యం ఒకటి ఉంది. ముందు ఫుల్‌ఫుల్దేలో రాసి, దాన్నే మళ్ళీ హౌసాలో, అరబ్బీలో రాసింది. ఫుల్‌ఫుల్దే తన ఇంటివాళ్ళకు, హౌసా ఊరి జనానికి, అరబ్బీ పండితులకు. వినేవాళ్ళు ఒక్కో పేరు పట్టుకుని దాని వెనక ఉన్న పాఠం విప్పుకోవాలి. మీరు ఎక్కాల పుస్తకం అన్నారే, ఇది ఆ కోవదే.

కానీ అక్కడే ఆగితే ఆమెకు అన్యాయం. పాండిత్యం చూడాలంటే 1822లో అన్న బెల్లోకు జవాబుగా రాసిన పద్యం చూడండి. 'కష్టంతో పాటే సుఖం ఉంది' అనే ఖురాన్ వాక్యంలోని అక్షరాలు ఒక్కొక్క పాదం మొదట్లో వరసగా పడతాయి. అన్న అట్లాంటి పద్యం పంపితే, చెల్లెలు అదే కట్టుబాటులో తిప్పి పంపింది. తఖ్మీస్ అని ఇంకో ప్రక్రియ ఉంది. ఒకరి పద్యంలోని రెండు పాదాలు తీసుకుని, వాటి ముందు తనవి మూడు చేర్చి అయిదు చేయాలి, అతుకు కనపడకూడదు. మన సమస్యాపూరణానికి పెద్దమ్మ కూతురు అనుకోండి. తండ్రి పద్యానికి ఆమె అట్లా పూరణ చేసింది. మీరు అవధానాలకు తప్పకుండా వెళ్ళే మనిషని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది, అందుకే ఈ మాట చెబుతున్నా. అంతెందుకు, మౌరిటానియానుంచి వచ్చిన ఒక పండితుడికి స్వాగతం చెబుతూ పద్యం రాసింది. పండితులు ఆమెను తమతో సమంగా చూసిన కాలమది.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను ఆమెను కవి అనేది మాత్రం ఆమె చావుపాటల కోసం. 1837లో బెల్లో పోయినప్పుడు రాసింది, భర్త పోయినప్పుడు రాసింది. అది ఎవరైనా రాస్తారు. పొరుగింటి హలీమా పోతే రాసింది. ఆ హలీమా రాణీ కాదు, పండితురాలూ కాదు. ఇరుగుపొరుగు తగవులు తీర్చే మంచి మనిషి, అంతే. జహరతు అని ఇంకొకావిడ. పురుటి నొప్పులు పడే ఇంటికి పిలిస్తే వెళ్ళేది, శవానికి స్నానం చేయించాలన్నా వెళ్ళేది. బిడ్డను మొదట ముట్టుకునేదీ, పీనుగును చివర ముట్టుకునేదీ ఆమె చేతులే. అట్లాంటి మనిషి పోతే మన ఊళ్ళలో ఏం చేస్తారు? అయ్యో పాపం అని, మళ్ళీ పురుడొచ్చినప్పుడు గుర్తు చేసుకుంటారు. ఖలీఫాల ఇంటి ఆడబిడ్డ ఆ జహరతు మీద కూర్చుని పద్యం రాసింది. ఆమె చేసిన పనులు ఒక్కొక్కటీ పేర్లు పెట్టి చెప్పింది. మన ప్రబంధాల్లో మంత్రసానికి ఎన్ని పద్యాలున్నాయో మీరే వెతికి నాకు రాయండి, అయ్యవారూ. నేను ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: అక్కా, మా పొదుపు సంఘంలో పదిమందిని మండలాఫీసుకు తీసుకుపోవాలంటేనే ఇంట్లో వంద మాటలు పడాలి. ఆ కాలంలో, అందులోనూ పరదా ఉన్న చోట, ఆడవాళ్ళను ఊళ్ళు దాటించి ఎట్లా రప్పించింది?
— సంఘం లీడరు, బంగారుపాళ్యం

జవాబు: నీ కష్టం తెలిసిన ప్రశ్న చెల్లీ. ఆమె పరదాతో తలపడలేదు, దానిలోనే దారి వెతికింది.

పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్ళు ఇల్లు కదలలేరు. వాళ్ళను కదిలించే ప్రయత్నమే చేయలేదు. కదలగలిగినవాళ్ళెవరు? కనడం ఆగిపోయిన పెద్దవాళ్ళు, ఇంకా పెళ్ళికాని చిన్నపిల్లలు. అవ్వలూ మనవరాళ్ళూ అన్నమాట. వాళ్ళను జట్లుగా చేసి సొకోటోలో తన దగ్గరికి రప్పించుకుంది. ఈ జట్లకు యన్ తారు అని పేరు, కలిసి వచ్చేవాళ్ళు అని అర్థం. ప్రతి జట్టుకూ ఒక పెద్ద, ఆమెను జాజీ అంటారు. మనకు జాజి అంటే పువ్వు. అక్కడ ఒంటెల బిడారును నడిపించే నాయకుడి పదం అది, దాన్ని తెచ్చి ఆడవాళ్ళకిచ్చింది.

వాళ్ళు అస్మావు దగ్గర కొన్నాళ్ళు ఉండి, పద్యాలు నోటికి పట్టి, అర్థాలు అడిగి తెలుసుకుని, మళ్ళీ ఊరికి వెళ్ళి ఇల్లు కదలలేని కోడళ్ళకు, కూతుళ్ళకు చెప్పేవాళ్ళు. అంటే పరదాలో ఉన్నవాళ్ళ దగ్గరికి చదువే నడిచొచ్చేది. వచ్చేటప్పుడు ఊరివాళ్ళు ధాన్యం, వెన్న, తేనె, గుడ్డలు పంపేవాళ్ళు. అస్మావు వాటిని తన ఇంటి కొట్లో వేసుకోలేదు. రోగులకు, అవిటివాళ్ళకు, దిక్కులేనివాళ్ళకు పంచిపెట్టేది. నీ సంఘం లెక్కల పుస్తకం రాసే చేతికి ఇది వేరే చెప్పాలా? తెచ్చింది ఎటుపోయిందో అందరికీ కనపడితేనే మళ్ళీ తెస్తారు.

ఇక టోపీ. సన్నని గడ్డితో అల్లిన బుంగలాంటి పెద్ద టోపీ, పేరు మల్ఫా. జాజీని చేసినప్పుడు అస్మావు ఆ టోపీ పెట్టి, ఎర్రగుడ్డ చుట్టి పంపేది. దూరాన ఆ ఎర్రగుడ్డ టోపీ కనపడగానే, వెనక నడిచే ఆడవాళ్ళు ఎవరి మనుషులో అందరికీ తెలిసిపోయేది. దారిలో ఆపి మీరెవరు, ఎక్కడికి అనేవాళ్ళు లేరు. మనకు టోపీ పెట్టడమంటే ముంచడం, సొకోటోలో టోపీ పెట్టారంటే పంతులమ్మ ఉద్యోగం వచ్చినట్టు.

ఇంట్లో మగవాళ్ళు ఊరుకున్నారా అంటావు. తండ్రి ఉస్మాన్ ఆ పోరు ముందే మొదలుపెట్టి ఉన్నాడు. భార్యలనూ కూతుళ్ళనూ చదువు లేకుండా ఉంచే పండితులను ఆయన తన రాతల్లో ఉతికి ఆరేశాడు. ఆడవాళ్ళను ఇంట్లో గిన్నెల్లాగా వాడుకుంటారు, వాడి వాడి పగిలిపోతే పెంటకుప్ప మీద పారేస్తారు అన్నాడు. భర్త మాట కంటే దేవుడు చెప్పిన చదువు ముందు అని ఆడవాళ్ళకే నేరుగా చెప్పాడు. కాబట్టి అస్మావుకు అడ్డంవచ్చేవాడు ముందు ఆయనతో వాదించాలి. నీకా వెసులుబాటు లేదు, నిజమే. అయినా మీ ఊళ్ళో మొదట ఎవరిని కదిలిస్తే తేలికో ఒకసారి చూసుకో. నా మటుకు నాకు అత్తలే అనిపిస్తుంది.

ప్రశ్న: ఆ రాజ్యం కత్తితో వచ్చింది. బానిసలున్నారు. ఇదేమీ చెప్పకుండా ఆవిడకు హారతి పట్టడం మీ వయసుకు తగునా?
— చిత్తూరు నుంచి ఒక యువకుడు

జవాబు: హారతి పట్టలేదు నాయనా, నాలుగు వాక్యాలే రాశాను. కానీ నువ్వన్నది నిజమే, దాచను.

సొకోటో రాజ్యం యుద్ధంతో పుట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికాలో అంత పెద్ద రాజ్యాలు తక్కువ, అంతమంది బానిసలున్న రాజ్యాలూ తక్కువే. ఓడిపోయిన ఊళ్ళ జనం చెరలోకి వచ్చారు, వాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. వజీరు ఇల్లు నడిచింది కూడా బానిసల చేతుల మీదనే. అస్మావు తనవాళ్ళ విజయాలను పద్యాల్లో పొగిడింది. ఓడినవాళ్ళ పక్షాన నిలబడి రాయలేదు. చుట్టూ చెరపట్టి తెచ్చిన ఆడవాళ్ళు, యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళను కొత్త మతంలో, కొత్త పద్ధతుల్లో కుదుర్చుకోవడం కూడా యన్ తారు పనిలో భాగమే. ఒకవైపు నుంచి చూస్తే చదువు, ఇంకోవైపు నుంచి చూస్తే గెలిచినవాళ్ళ పద్ధతికి ఓడినవాళ్ళను అలవాటు చేయడం. రెండూ ఒకే టోపీ కింద నడిచాయి.

ఆ టోపీ సంగతే చూడు. అది అస్మావు కనిపెట్టింది కాదు. గోబీర్‌లో బోరీ అనే పాత ఆరాధన ఉండేది. దేవతలు ఒంటి మీదికి వచ్చి పలకడం, నాట్యం, వైద్యం. దాని ఆడవాళ్ళకు పెద్దగా ఇన్నా అనే ఆమె ఉండేది, ఆ టోపీ ఆమె గుర్తు. అస్మావు దాన్ని తీసుకుని, ఎర్రగుడ్డ చుట్టి, తన జాజీల నెత్తిన పెట్టింది. తెలివైన పని, కాదనను. జనానికి అలవాటైన గౌరవం కొత్త మనిషికి బదిలీ అయిపోయింది. కానీ నేను తిరుపతిలో పుట్టి, ఏటా గంగ జాతర చూస్తూ పెరిగినదాన్ని. వీధిలో మాతంగి వేషం వస్తుంటే మా అమ్మ గడపలో నిలబడి దండం పెట్టేది. టోపీ పోయిన ఆ ఇన్నా ఏమైందో, ఆమె తర్వాత ఆ పాటలు ఎవరు పాడారో అని నా మనసు అటే లాగుతుంది. ఆమె మీద అస్మావు చావుపాట రాయలేదు.

అయినా అస్మావును చదవొద్దంటావా? అట్లయితే మన రాజుల కొలువుల్లో కూర్చుని రాసిన కవుల్లో ఎంతమంది మిగులుతారో లెక్కవేసి చెప్పు.

ప్రశ్న: తరిగొండ వెంగమాంబతో ఈమెను పోల్చవచ్చా?
— గృహిణి, వాయల్పాడు

జవాబు: మీ ఊరి పక్క మనిషి కదా, అడుగుతారని అనుకున్నాను. కాలం దగ్గరే. వెంగమాంబ కన్నుమూసిందని చెప్పే 1817లోనే అక్కడ అస్మావు తండ్రి పోయాడు. అంతకుమించి పోలిక లాగొద్దు. అస్మావుకు తండ్రి, అన్న, భర్త, రాజ్యం అన్నీ వెనక నిలబడ్డాయి. వెంగమాంబకు బాలవితంతువని ఊరే ఎదురు తిరిగింది. ఆమె కొండెక్కి ఒంటరిగా కూర్చుని రాసుకుంది. ఒకటి మాత్రం ఉంది. వెంగమాంబ ద్విపద ఎత్తుకున్నదీ, అస్మావు హౌసా ఎత్తుకున్నదీ చదువురాని నోళ్ళలో నిలవాలనే. తిరుమలలో ఏకాంతసేవకు ఇవాళ్టికీ ముత్యాలహారతి వెంగమాంబ పేరు మీదే జరుగుతోంది కదా.

ప్రశ్న: ఇన్నేళ్ళ కిందటి పద్యాలు ఎట్లా దొరికాయి? ఎవరు కాపాడారు?
— గ్రంథాలయ ఉద్యోగి, శ్రీకాళహస్తి

జవాబు: మీరు ఇక్కడ ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాటాకు కట్టలు చూసే ఉంటారు. అక్కడ తాటాకు బదులు కాగితం. పశ్చిమ ఆఫ్రికాలో పుస్తకాలకు కుట్టు ఉండదు. విడి కాగితాలను అట్టల మధ్య పెట్టి తోలుసంచిలో దాస్తారు. హౌసా, ఫుల్‌ఫుల్దే పద్యాలు కూడా అరబ్బీ లిపిలోనే రాసేవాళ్ళు, దాన్ని అజమీ అంటారు. అందుకే 1903లో ఇంగ్లీషువాళ్ళు సొకోటోను పట్టుకున్నాక, ఇంగ్లీషు అక్షరాల లెక్కలో ఇంత చదువున్న జనమంతా ఒక్క దెబ్బకు చదువురానివాళ్ళ జాబితాలో పడ్డారు. మా అవ్వ పేరు ఎదురుగా నేను రాసిన మాటే మళ్ళీ.

కాగితాలు గిదాదో వంశంలో మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ వంశానికి పెద్ద వజీర్ జునైదు. ఆయన స్వయంగా పండితుడు. నైజీరియాలో చాలా ఏళ్ళు చదువు చెప్పిన జీన్ బాయిడ్ అనే ఇంగ్లీషావిడ ఆయన దగ్గర కూర్చుని, ఒక్కో పద్యం చూసి, అడిగి, రాసుకుంది. 1989లో ఆమె అస్మావు జీవితచరిత్ర తెచ్చింది. 1997లో బెవర్లీ మ్యాక్‌తో కలిసి రచనలన్నీ అనువాదాలతో ఒక పెద్ద సంపుటంగా వేసింది. మీ గ్రంథాలయానికి తెప్పించదగ్గది అదే, ధర మాత్రం నన్ను అడగొద్దు.

అయితే ఒక మాట. అన్నమయ్య రాగిరేకులు వందల ఏళ్ళు కొండ మీద అరలో ఉండిపోయాయి, బయటికి తెచ్చేదాకా వాటి ఊసు జనానికి లేదు. అస్మావు పద్యాలు అట్లా మరుగునపడలేదు. కాగితాలు సంచుల్లో ఉన్నాయి, పద్యాలు ఆడవాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. యన్ తారు జట్లు నైజీరియాలో ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలో నల్లజాతి ముస్లిం మహిళలు కూడా ఆ పేరుతో కలుస్తున్నారు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పాప రెండో తరగతి. స్కూల్లో వేషాల పోటీ ఉంది. ఝాన్సీరాణి ఇప్పటికే నలుగురు వేస్తున్నారు. మీరు రాసిన టోపీ పంతులమ్మ వేషం వేద్దామని ఉంది. ఆ టోపీ ఎట్లా చేయాలి?
— ఒక తల్లి, రేణిగుంట

జవాబు: ఈ ఉత్తరం చదివి నేను రెండుసార్లు నవ్వాను. చెబుతాను, రాసుకోండి. చిన్న వెదురు గంప ఒకటి తీసుకోండి, పూలు పెట్టుకునేది, లోతుగా ఉండాలి. బోర్లిస్తే గుమ్మటంలా ఉండాలి. సంతలో బొత్తిగా దొరక్కపోతే ఈతాకు బుట్ట పనికొస్తుంది. లోపల పాత చీర ముక్క కుట్టండి, లేకపోతే పిల్లకు నెత్తి గీసుకుంటుంది. ఎర్రగుడ్డ బెత్తెడు వెడల్పున చింపి టోపీ చుట్టూ చుట్టి వెనక ముడేయండి. మెరిసే శాటిన్ వద్దు, మామూలు నూలుగుడ్డ చాలు. ఒంటికి నేతచీర పొడుగ్గా చుట్టి, భుజాల మీదుగా ఒక దుప్పటి. చేతిలో చిన్న తేనె సీసా, ఇంకో చేతిలో సజ్జలు మూటగట్టి ఇవ్వండి.

పుస్తకం మాత్రం ఇవ్వకండి. స్టేజీ ఎక్కాక ఏమైనా చెప్పమంటారు కదా, అప్పుడు పాపకు నోటికొచ్చిన పద్యం ఏదైనా సరే గట్టిగా చెప్పమనండి. ఏదీ రాకపోతే నా ఉప్పు చక్కెర పాట పైన ఉంది. చివరి పాదం నచ్చకపోతే మార్చుకోండి.